ఛాంబర్ పొడవా, కొలత పొడవా? ఒక .308 రైఫిల్ కేస్ స్టడీ

ఈ రైఫిల్ నా బల్ల మీదికి వచ్చేసరికే దాని మీద తీర్పు అయిపోయింది. .308 వించెస్టర్, బోల్ట్ యాక్షన్ (తూటా కూర్చునే గది అయిన ఛాంబర్‌ను వెనుక నుంచి చేత్తో తిప్పే బోల్ట్ మూస్తుంది), టార్గెట్ షూటింగ్ కోసం కొత్త బ్యారెల్ బిగించినది. యజమాని కాల్చిన కేసులను, అంటే తూటాల ఇత్తడి గొట్టాలను, తానే మళ్లీ నింపుకుంటారు (రీలోడింగ్). మూడోసారి నింపినప్పటి నుంచి కేసుల అడుగుకు కాస్త పైన, చుట్టూ ఒక మెరిసే గీత కనిపించడం మొదలైంది. ఐదోసారికి ఒక కేసు సరిగ్గా ఆ గీత దగ్గరే సగం చుట్టు చీలింది. ఆయన క్యాలిపర్‌కు కంపారేటర్ (కేసు అడుగు నుంచి భుజం దాకా పొడవును పోల్చే బిగింపు) తగిలించి కాల్చిన కేసులు కొలిస్తే 1.6370 అంగుళాలు చూపింది. ఛాంబర్‌ను పరీక్షించే ఉక్కు గేజ్‌లలో, బోల్ట్ మూసుకోవాల్సిన గో గేజ్ ఈ క్యాలిబర్‌కు 1.630, మూసుకోకూడని నో-గో 1.634. ఆ లెక్కన ఛాంబర్ ఏడు థౌలు పొడవు, నో-గోను కూడా దాటేసింది. బ్యారెల్ విప్పి, వెనక్కి జరిపి, మళ్లీ రీమ్ చేయాలని (ఛాంబర్‌ను లోపల కోసి సైజుకు తేవాలని) ఆయన నిర్ణయించుకుని వచ్చారు. (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.0254 మిల్లీమీటర్లు. ఈ వ్యాసం అంతా ఆ కొలతలోనే నడుస్తుంది.)

ఆయన కూడికలూ తీసివేతలూ సరిగానే ఉన్నాయి, క్యాలిపర్ కూడా మంచిదే. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఆ 1.6370 దేని నుంచి దేనికి ఉన్న దూరం? ఛాంబర్ కొలతల్లో ప్రతి అంకె రెండు ఉపరితలాల మధ్య దూరమే. ఒక పరికరం ఏ రెండింటిని తాకుతోందో తెలియకుండా దాని అంకెను ఇంకో పరికరం అంకె పక్కన పెట్టకూడదు. రీలోడింగ్ చేసే వాళ్లలో చాలామంది ఈ ఒక్క మెట్టు దాటేసి ముందుకు వెళ్తారు. పౌడర్‌ను గ్రెయిన్‌లో పదో వంతు దాకా తూచే ఓపిక ఉన్నవాళ్లు కూడా ఇక్కడ తొందరపడతారు.

.308 లాంటి రిమ్ లేని, మెడ సన్నబడిన కేసు ఛాంబర్‌లోకి వెళ్లి షోల్డర్ (ఒళ్లు మెడగా సన్నబడే భుజం) మీద ఆగుతుంది. బోల్ట్ ముఖం నుంచి ఆ షోల్డర్ మీది ఒక నిర్ణీత వలయం దాకా ఉన్న దూరమే హెడ్‌స్పేస్. షోల్డర్ శంకువులా వాలుగా ఉంటుంది కాబట్టి ఆ వాలు మీద ఎక్కడ కొలవాలో ముందే ఒప్పుకోవాలి. .308కు ఆ వలయం వ్యాసం 0.400 అంగుళాలు. .30-06కు 0.375, .223 రెమింగ్టన్‌కు 0.330. ఆ వలయం ఉక్కు మీద గీసి ఉండదు, డ్రాయింగ్‌లో మాత్రమే ఉంటుంది. అమెరికాలో తుపాకులు, తూటాల ప్రమాణాలు రాసే సంస్థ సామీ లెక్కలో .308 ఛాంబర్ 1.630 నుంచి 1.640 దాకా, తూటా 1.627 నుంచి 1.634 దాకా ఉండవచ్చు. అంటే అతి పొట్టి తూటా అతి పొడవు ఛాంబర్‌లో పడితే 13 థౌల ఖాళీ వస్తుంది, అదీ నిబంధనల లోపలే. ఫ్యాక్టరీ తూటా ఒక్కసారే పేలుతుంది, దాని కేసు ఆ సాగుడును తట్టుకుంటుంది. అదే కేసును మళ్లీ మళ్లీ వాడేవాళ్లకు ఈ పరిమితులు సరిపోవు. వాళ్లు కొలవాల్సింది తమ ఛాంబర్‌నే.

మొదటి పని శుభ్రం చేయడం. కార్బన్ పొర గానీ ఇత్తడి రజను గానీ షోల్డర్ మీద ఉంటే తర్వాత వచ్చే అంకెలన్నీ తప్పే. బోల్ట్ లోంచి ఫైరింగ్ పిన్ సెట్టు, ఎజెక్టర్ ప్లంజర్, దాని స్ప్రింగ్ తీసేశాను. ఇవి లోపల ఉంటే వాటి ఒత్తిడి వేళ్లకు తగులుతుంది, గేజ్ ఆపుతోందో స్ప్రింగ్ ఆపుతోందో తెలియదు. కొలతల బల్ల మీద పౌడర్, ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న టోపీ) ఉన్న తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

గో గేజ్ పెట్టి బోల్ట్ హ్యాండిల్‌ను రెండు వేళ్లతో దించాను. తన బరువుకే పడిపోయింది. నో-గో పెడితే సగం దూరంలోనే ఆగింది. ఇక్కడ బలం పెట్టకూడదు. బోల్ట్ లగ్గుల (బోల్ట్‌ను మూసి బిగించే పళ్ల) వాలు పెద్ద శక్తినిస్తుంది, గట్టిగా నొక్కితే మూసుకోకూడని గేజ్ మీద కూడా మూసుకున్నట్టు అనిపించవచ్చు, షోల్డర్ మీద మచ్చ కూడా పడవచ్చు. ఈ రెండు గేజ్‌లతోనే ఒక విషయం తేలిపోయింది: హెడ్‌స్పేస్ 1.630కీ 1.634కీ మధ్య ఉంది. 1.637 అయ్యే వీలే లేదు. బ్యారెల్ విప్పాల్సిన పని అక్కడితో పోయింది.

కానీ గేజ్‌లు 'పర్వాలేదు', 'కుదరదు' అన్న రెండు మాటలే చెబుతాయి. రీలోడింగ్‌కు కావాల్సింది అంకె. గో గేజ్ అడుగున పారదర్శక టేపు ముక్క ఒకటి అంటించి, అంచులు బ్లేడుతో కత్తిరించి మళ్లీ ప్రయత్నించాను. టేపు మందాన్ని ముందే మైక్రోమీటర్‌తో చూశాను, రెండు థౌలు. ఒక పొరతో హ్యాండిల్ చివర్లో సన్నటి రాపిడితో దిగింది. రెండు పొరలతో దిగలేదు. అంటే ఛాంబర్ 1.632 దరిదాపుల్లో ఉంది. టేపు నొక్కుకుపోతుంది కాబట్టి ఈ పద్ధతి మీద అర థౌ కంటే ఎక్కువ నమ్మకం పెట్టను. ఇత్తడి షిమ్ రేకు నుంచి బిళ్ల కోసి పెట్టుకుంటే ఇంకా నికరంగా ఉంటుంది.

ఇప్పుడు ఆయన 1.6370 సంగతి. ఆయన కంపారేటర్‌నే తీసుకుని, కేసు బదులు ఉక్కు గో గేజ్‌ను అందులో పెట్టి కొలిచాను. గేజ్ నిజం పొడవు 1.630, కంపారేటర్ చూపింది 1.6345. నాలుగున్నర థౌల తేడా ఇక్కడే ఉంది.

ఇది పరికరం లోపం అనుకోకూడదు. కంపారేటర్ చేసే పని పేరులోనే ఉంది, ఒకదాన్ని ఇంకోదానితో పోల్చడం. దాని ఇన్సర్ట్‌కు (షోల్డర్ మీద కూర్చునే ముక్కకు) ఉన్న రంధ్రం కచ్చితంగా 0.400 ఉండాలనీ, అంచు కత్తిలా ఉండాలనీ హామీ లేదు. .308 షోల్డర్ వాలు 20 డిగ్రీలు. ఆ వాలు మీద రంధ్రం వ్యాసంలో ఒక థౌ తేడా ఉంటే పొడవులో సుమారు 1.37 థౌల తేడా వస్తుంది. రంధ్రం పనిచేసే వ్యాసం మూడు థౌల పైచిలుకు తక్కువైతే చాలు, అది షోల్డర్ మీద ఇంకాస్త ముందుకు వెళ్లి కూర్చుంటుంది, అంకె నాలుగున్నర థౌలు పెరుగుతుంది. అంచుకు చాంఫర్ (ఏటవాలు కోత) ఉంటే తేడా రెండోవైపు కూడా రావచ్చు. కాబట్టి ప్రతి ఇన్సర్ట్‌నూ, అది ఏ క్యాలిపర్‌కు తగిలిస్తామో ఆ క్యాలిపర్ మీదే, గో గేజ్‌తో ఒకసారి చూసి ఆ తేడాను ఇన్సర్ట్ డబ్బా మీద రాసి పెట్టుకోవాలి. మామూలు డిజిటల్ క్యాలిపర్ అర థౌ దాకా చూపినా, దాని నిక్కచ్చితనం ఒక థౌ అటూ ఇటూ మాత్రమే. అదే చోట, అదే ఒత్తిడితో, దగ్గర దగ్గర పొడవులను పోల్చినప్పుడు ఆ లోపం చాలావరకు రద్దవుతుంది. అందుకే పోలికను అంత గట్టిగా పట్టుకుంటాను.

వేడి సంగతి కూడా చూశాను, పెద్దగా లేదు. పొడవు కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. ఈ పొడవున్న ఇత్తడి కేసు పది డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.3 థౌలు పెరుగుతుంది. గేజ్, కేసులు, క్యాలిపర్ ఒకే బల్ల మీద కొంతసేపు ఉంచితే చాలు.

మిగిలిన తేడా ప్రైమర్ దగ్గర దొరికింది. ఆయన కాల్చిన కేసులను ప్రైమర్ తీయకుండానే కొలిచారు. ఫైరింగ్ పిన్ కొట్టిన చోట చుట్టూ లోహం కాస్త పైకి లేచి ఉంది. క్యాలిపర్ దవడ కేసు అడుగును కాకుండా ఆ లేచిన అంచును తాకుతోంది. సైజింగ్ డైకి (కాల్చిన కేసును నొక్కి మళ్లీ సైజుకు తెచ్చే ఉక్కు మూసకు) తగలకుండా, ప్రైమర్ మాత్రమే తీసే డైతో వాటిని తోసేసి కొలిస్తే 1.6355 వచ్చింది. ఇక లెక్క పూర్తిగా విడిపోయింది. ఆయన ఏడు థౌలలో నాలుగున్నర ఇన్సర్ట్‌ది, ఒకటిన్నర ప్రైమర్‌ది, నిజంగా కేసుది ఒక్క థౌ. కాల్చిన కేసు అసలు పొడవు 1.6310. ఛాంబర్ 1.632. ఆ మధ్య ఉన్న ఒక థౌ ఇత్తడి వెనక్కి ముడుచుకున్నది. పేలినప్పుడు గోడలకు అతుక్కున్న కేసు ఒత్తిడి తగ్గగానే కొద్దిగా ముడుచుకుంటుంది, లేకపోతే ఛాంబర్‌లోంచి బయటికి రాదు.

మరి కేసులు ఎందుకు చీలుతున్నాయి? "సైజ్ చేసిన కేసులు కొలిచారా అండీ?" అని అడిగాను. కొలిచారు. "అవి సరిగ్గా 1.630 వస్తున్నాయి. గో గేజ్ ఎంతో అంతే. అందుకే అనుమానమంతా ఛాంబర్ మీదికి వెళ్లింది" అన్నారు.

చిక్కుముడి మొత్తం ఈ మాట దగ్గర విడిపోయింది. ఆయన కంపారేటర్ మీద 1.6300 అంటే నిజానికి 1.6255. తూటాకు సామీ ఇచ్చిన కనిష్ఠం 1.627 కంటే కూడా ఒకటిన్నర థౌలు తక్కువ. పుస్తకంలోని అంకెతో కుదిరింది కాబట్టి ఆ అంకెను ఆయన ప్రశ్నించలేదు. కుదరని అంకెను ఎవరైనా అనుమానిస్తారు. కుదిరిన అంకెను కూడా అంతే గట్టిగా నిలదీయాలని నేను పట్టుబట్టేది ఇందుకే. డై పెట్టెలోని సూచన ప్రకారం ఆయన డైని షెల్ హోల్డర్‌కు (ప్రెస్‌లో కేసు అడుగును పట్టుకునే ముక్కకు) తగిలేదాకా తిప్పి, ఆపైన ఇంకో పావు చుట్టు తిప్పేవారు. ప్రతిసారీ షోల్డర్ ఐదున్నర థౌలు వెనక్కి పోతోంది. ఆ కేసు 1.632 ఛాంబర్‌లో ఆరున్నర థౌల ఖాళీతో కూర్చుంటోంది.

ఆ ఖాళీ కేసును ఎలా తినేస్తుందో చెప్పుకోవాలి. ఫైరింగ్ పిన్ దెబ్బకు కేసు ముందుకు వెళ్లి షోల్డర్ మీద ఆగుతుంది. ఖాళీ అంతా వెనుక, బోల్ట్ ముఖం దగ్గర మిగులుతుంది. ఒత్తిడి పెరగగానే ముందు భాగంలోని పలుచటి గోడలు ఛాంబర్‌ను పట్టుకుంటాయి. మందంగా ఉండే అడుగు భాగం పట్టుకోదు, బోల్ట్ ముఖం దాకా వెనక్కి జరుగుతుంది. ఈ రెంటి మధ్య, వెబ్‌కు (అడుగున ఉండే మందపాటి ఇత్తడికి) కాస్త పైన, ఇత్తడి సాగుతుంది. తర్వాత డై షోల్డర్‌ను మళ్లీ వెనక్కి తోస్తుంది, మళ్లీ పేలుతుంది, మళ్లీ అదే చోట సాగుతుంది. బయట కనిపించే మెరుపు గీతకు సరిగ్గా లోపల గాడి పడుతుంది. సన్నటి తీగ కొసను వంచి, కేసు మెడలోంచి దించి లోపలి గోడ వెంట లాగితే ఆ గాడిలో తీగ తట్టుకుంటుంది. నేను ఒక కేసును నిలువునా కోసి చూపించాను. గోడ ఒకచోట రేకులా పలచబడింది. అది పూర్తిగా తెగితే ఆ ఒత్తిడి గల వాయువు యాక్షన్ గుండా షూటర్ ముఖం వైపు వస్తుంది. కళ్లద్దాలు లేకుండా రైఫిల్ ముట్టుకోవద్దనేది ఇలాంటి వాటి కోసమే. ఆ కేసులన్నీ తుక్కులోకి పోయాయి. లోపల పడిన గాడిని ఏ డై కూడా పూడ్చలేదు.

1.632 అన్న అంకెను ఒక్క టేపు పద్ధతితో వదిలేయడం నాకు ఇష్టం లేదు. కొత్త ఇత్తడి కేసులు కొన్ని తీసుకుని, ఆయన మామూలు లోడుతో కాల్పించి, మెడ మాత్రమే సైజ్ చేసి, షోల్డర్‌ను ముట్టకుండా మళ్లీ కాల్పించాను. ఒక్కసారి కాల్చిన కేసు ఛాంబర్‌ను పూర్తిగా నింపదు, లోడు మెత్తగా ఉంటే అసలే నింపదు. షోల్డర్ ముట్టకుండా తిరిగి కాలుస్తూ పోతే అది ఛాంబర్ పొడవుకు చేరుతుంది. ఒక దశలో, స్ప్రింగులు తీసేసిన బోల్ట్ హ్యాండిల్ తన బరువుకు పడకుండా చివర్లో ఆగడం మొదలైంది. అక్కడ కంపారేటర్ 1.6365 చూపింది. నాలుగున్నర తీసేస్తే 1.6320. ఉక్కు గేజూ టేపూ ఒక దారిలో, ఇత్తడి ఇంకో దారిలో వచ్చి ఒకే చోట కలిశాయి. ఛాంబర్ కొలతను నేను నమ్మేది ఇలా కలిసినప్పుడే.

ఛాంబర్ అచ్చు తీసి ఉంటే ఇదంతా ఒక్కసారే తేలిపోయేది కదా అని ఆయన అడిగారు. అచ్చు కూడా తీశాను, కానీ వేరే పని కోసం. సెరోసేఫ్ అనే బిస్మత్ మిశ్రమ లోహం 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. బోర్‌లో థ్రోట్‌కు (ఛాంబర్ దాటాక బ్యారెల్ లోపలి మెలికల గాడులు, అంటే రైఫ్లింగ్, మొదలయ్యే చోటుకు) కొంచెం ముందు గుడ్డ బిరడా పెట్టి, బ్యారెల్ కొద్దిగా వెచ్చచేసి, ఛాంబర్‌లోకి పోస్తాం. లగ్గుల చోట్లలోకి పొర్లనివ్వకూడదు, పొర్లితే అచ్చు బయటికి రాదు. గట్టిపడ్డాక మొదటి అరగంటలో అది కొంచెం ముడుచుకుంటుంది, అప్పుడే మూతి వైపు నుంచి రాడ్‌తో తట్టి తీసేయాలి. తర్వాత మెల్లగా ఉబ్బుతుంది. సుమారు గంటకు ఛాంబర్ అసలు సైజుకు వస్తుంది, కొలవాల్సింది ఆ సమయంలోనే. మర్నాడు తీరిగ్గా కొలిస్తే ఛాంబర్ ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. అందులో సీసం, కాడ్మియం ఉంటాయి కాబట్టి గాలి ఆడేచోట, అవసరానికి మించి వేడి చేయకుండా వాడాలి.

అచ్చు వ్యాసాలు చెబుతుంది. హెడ్‌స్పేస్ చెప్పదు. హెడ్‌స్పేస్ ఒక కొస బోల్ట్ ముఖం మీద ఉంటుంది, అచ్చులో బోల్ట్ ముఖం లేదు. ఈ రైఫిల్‌లో మెడ భాగం 0.344 అంగుళాలు వచ్చింది. నింపిన తూటా మెడ 0.3365. చుట్టూ కలిపి ఏడున్నర థౌల ఖాళీ, బుల్లెట్ వదులవడానికి కావాల్సినంత కంటే ఎక్కువే. మెడ ముందు కొస దగ్గర కేసు గరిష్ఠ పొడవు 2.015కు మించి చోటు ఉంది. మెడ ఆ కొసను తాకితే బుల్లెట్‌ను నొక్కి పట్టుకుని ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇక్కడ ఆ భయం లేదు. ఛాంబర్ పనితనం శుభ్రంగా ఉందని అచ్చు తేల్చింది.

థ్రోట్ కొలత దగ్గర అదే పొరపాటు ఇంకో రూపంలో దాక్కుని ఉంది. బుల్లెట్ ఎంత పొడవున ఉంటే రైఫ్లింగ్‌ను తాకుతుందో తెలుసుకోవడానికి ఆయన అడుగున మరపెట్టి అమ్మే తయారీ కేసును, లోపల కడ్డీ ఉన్న గేజ్‌ను వాడతారు. కేసు అడుగు నుంచి బుల్లెట్ ఒంపు మీది కంపారేటర్ వలయం దాకా 2.2100 వచ్చింది. మొన దాకా కాకుండా ఒంపు దాకా కొలవడం మంచి అలవాటు, ఒకే డబ్బాలోని బుల్లెట్లలో కూడా మొనలు హెచ్చుతగ్గులుగా ఉంటాయి. అయితే ఈ కొలతలో అడుగు ఎక్కడుందనేది ఆ తయారీ కేసు షోల్డర్ నిర్ణయిస్తుంది. దాన్ని ఆయన కంపారేటర్‌లో పెడితే 1.6310 చూపింది. మనం కొత్తగా సైజ్ చేయబోయే కేసులు 1.6345 ఉంటాయి. తయారీ కేసు మూడున్నర థౌలు పొట్టి, కాబట్టి ఛాంబర్‌లో దాని అడుగు అంత ముందుకు వెళ్తుంది, రైఫ్లింగ్ అంత దగ్గరైనట్టు చూపుతుంది. కొత్త కేసులకు అసలు స్పర్శ పొడవు 2.2135. ఇక్కడ తేడా భద్రత వైపే ఉంది. తయారీ కేసు మనవాటి కంటే పొడవైతే తేడా తిరగబడుతుంది. దూరంగా ఉంచామనుకున్న బుల్లెట్ రైఫ్లింగ్‌కు దగ్గరగానో, దాన్ని తాకుతూనో ఉంటుంది, ఒత్తిడి పెరుగుతుంది. తన ఛాంబర్‌లోనే కాల్చిన కేసుకు మరపెట్టించుకుంటే ఈ సవరణ చాలా చిన్నదైపోతుంది. కడ్డీని సుతారంగా నెట్టాలి. గట్టిగా నెడితే బుల్లెట్ రైఫ్లింగ్‌లో ఇరుక్కుంటుంది, పొడవు ఎక్కువ చూపుతుంది.

ఇక డై. లక్ష్యం కంపారేటర్ మీద 1.6345, అంటే ఛాంబర్ కంటే రెండు థౌలు తక్కువ. డై మర అంగుళానికి 14 చుట్లు. ఒక పూర్తి చుట్టు 71.4 థౌలు, ఐదు డిగ్రీలు తిప్పితే ఒక థౌ. కాగితం మీద, నాలుగున్నర థౌలకు డైని సుమారు 23 డిగ్రీలు వెనక్కి తిప్పితే చాలు. ప్రెస్ దగ్గర అది అంత సూటిగా కుదరదు. డై మొదట కేసు ఒంటిని నొక్కుతుంది, నలిగిన ఇత్తడి ముందుకు పోయి షోల్డర్‌ను ఇంకా పైకి నెడుతుంది. డైని ఎక్కువ వెనక్కి తిప్పితే కేసు కాల్చినప్పటి కంటే పొడవై, బోల్ట్ మూసుకోదు. అందుకే ముందు కావాలనే ఎక్కువ వెనక్కి తిప్పి, కొద్దికొద్దిగా దించుతూ, ప్రతిసారీ కొలుస్తూ వచ్చాం. లూబ్రికెంట్ సమంగా పూయడం, హ్యాండిల్‌ను అడుగున ఒక క్షణం ఆపి ఉంచడం, ఈ రెండూ కేసుకూ కేసుకూ తేడాను బాగా తగ్గించాయి. గట్టిపడిన పాత ఇత్తడి ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి ఎన్నిసార్లు కాల్చినవో ఆ లెక్కన కేసులను విడివిడిగా ఉంచమన్నాను. డైని కదపడం ఇష్టం లేనివాళ్లకు రెండేసి థౌల తేడాతో వచ్చే షెల్ హోల్డర్ సెట్లు ఉన్నాయి, అవి మంచి పరిష్కారం.

లోడును మాత్రం పాత అంకె దగ్గర వదిలేయలేదు. కేసు, సీటింగ్ (బుల్లెట్ కూర్చునే లోతు) రెండూ మారాయి కాబట్టి ప్రచురిత ప్రారంభ చార్జి (పౌడర్ తూకం) దగ్గర నుంచి మళ్లీ మెట్టు మెట్టుగా పైకి వెళ్లారు.

ఆ కొత్త కేసులు పాతవి చీలిన దశను దాటి నడుస్తున్నాయి. మెరుపు గీత లేదు, లోపల తీగకు ఏమీ తగలడం లేదు. బ్యారెల్ విప్పలేదు. రైఫిల్‌తో పాటు ఒక కార్డు ఇచ్చాను. అందులో ఇన్సర్ట్ తేడా, గో గేజ్ చూపే అంకె, ఛాంబర్‌కు సమానమైన అంకె, సైజింగ్ లక్ష్యం, తయారీ కేసు అంకె ఉన్నాయి, అన్నీ ఆయన క్యాలిపర్ భాషలోనే. క్యాలిపర్ గానీ ఇన్సర్ట్ గానీ మారిన రోజు ఆ కార్డు చెల్లదని అడుగున ఎర్రసిరాతో రాశాను.